పరగడుపు బండి

"డాక్టర్ గారు నడిపిన బండి మేడమ్, సింగిల్ హ్యాండ్" అన్నాడు
పుత్లీబౌలిలో అమ్మినవాడు.
ఆర్సీ చూస్తే నేను నాలుగోదాన్ని.
ముందున్న ముగ్గురిలో డాక్టరు ఎవరో తెలీదు.
ముప్పై రెండు చెప్పి ఇరవై ఆరున్నరకు దిగాడు,
పాత హెల్మెట్ ఒకటి ఊరికే ఇచ్చాడు,
లోపల ఎవరిదో కొబ్బరినూనె వాసన.

నా పని రక్తం తియ్యడం.
పరగడుపున, ఇళ్ళకు వెళ్ళి.
ఐదున్నరకల్లా మొదటి తలుపు కొట్టాలి,
అప్పటికి బస్సు ఇంకా డిపోలో ఆవులిస్తుంటుంది.
ఆటోవాడు నిద్రకళ్ళతో చెప్పే రేటు వింటే
నా చేతికి నేనే సూది గుచ్చుకున్నట్టుండేది.
అందుకే బండి.
స్కూటీ ఎందుకు కాదంటే,
స్కూటీకి ఇంకో పదిహేను వేలు కావాలి. అంతే.

మొదటి రాత్రి రెండుసార్లు లేచి కిటికీలోంచి చూశాను.
పాత దుప్పటి కప్పుకుని
అలిగి వచ్చిన చుట్టంలా గోడకు ఒరిగి ఉంది.

వారాసిగూడలో మా గల్లీ చివర మెకానిక్ మొయిజ్
ప్లగ్గు విప్పి, ఊది, నాకు చూపించాడు.
నేను స్లైడు చూసినట్టు చూశాను.
"ఇది గూడ పొద్దుగాల ఖాళీ కడుపుతోనే ఉంటది అక్కా,
చోక్ గుంజు, జర ఆగు, తొందర జెయ్యకు,
అప్పుడు కొట్టు కిక్కు."
మొదటి కిక్కుకు దగ్గింది.
రెండోదానికి నా పిక్క మీద తన్నింది.
మూడోదానికి గల్లీలో కుక్కలన్నీ లేచాయి.

ఆలుగడ్డబావి వంతెన కింద
క్లచ్ వదలడంలో తొందరపడి
మూడుసార్లు ఆపేశాను వెనకున్న లోకాన్ని.
"చున్నీ జాగ్రత్త" అన్నది ఒకామె.
"నేర్చుకుని రావాలె గదా" అన్నాడొకడు,
రోడ్డు మీద కాక ఇంకెక్కడ నేర్చుకోవాలో చెప్పకుండానే పోయాడు.

పార్సిగుట్ట దగ్గర ఓ తెల్లవారుజామున
చప్పుడు చెయ్యకుండా మూడో గేరు పడింది.
చెప్పుకోడానికి ఎవరూ లేరు.
హెల్మెట్లోనే నవ్వుకున్నాను, కొబ్బరినూనెతో.

పాత చలాన్లు పదకొండు.
ఫోన్లో ఒక్కొక్కటీ తెరిస్తే ఒక్కొక్క ఫొటో.
ఉప్పల్ చౌరస్తాలో హెల్మెట్ లేని ఒక సన్నటి మనిషి,
వెనక ఆమె ఒళ్ళో టేబుల్ ఫ్యాను,
ఇద్దరి మధ్యా ఒక చిన్న తల.
రెండు నెలల తర్వాత అదే సిగ్నల్, అదే తల,
ఈసారి స్కూల్ టై కట్టుకుని.
చివరి ఫొటోలో అతనొక్కడే,
వెనక సీటు మీద తాడేసి కట్టిన పరుపు.
ఇల్లు మారుతున్నాడో, ఇంకేమైనా మారిందో
కెమెరాకు అనవసరం.
రెండు వేల మూడు వందల పది రూపాయలు,
తిట్టుకుంటూనే కట్టాను గానీ
ట్యాంకు మీద సగం చిరిగిన స్టిక్కరు,
"న్విత" అని మిగిలిన అక్షరాలు,
గోటితో గీకబోయి ఆగిపోయాను.

తొమ్మిదో రోజు తార్నాక దాటాక బండి నిలిచిపోయింది.
ఐస్ డబ్బాలో పద్నాలుగు ట్యూబులు,
పద్నాలుగు మంది షుగర్లూ థైరాయిడ్లూ
ఎండలో.
పెరుగు ప్యాకెట్లు వేసే పిల్లగాడు ఆగాడు.
"న్యూట్రల్ జెయ్యి, హ్యాండిల్ సీదా పట్టు, బ్రేకు ముట్టకు"
అని తన కాలు నా ఫుట్‌రెస్టుకు ఆనించి
హబ్సిగూడ బంకు దాకా తోశాడు.
వాడి సంచీలోంచి పెరుగు కారుతోంది,
చూసుకోలేదు.

సాయంత్రం మొయిజ్ నవ్వలేక స్టూలు దిగి కింద కూర్చున్నాడు.
"రిజర్వ్ తిప్పినవా అక్కా?"
ట్యాంకు కింద ఎడమవైపు, వేలెడంత మీట.
లీటరు పెట్రోలు కడుపులో పెట్టుకుని
అంత దూరం తోయించుకున్నాను.

ఇప్పుడు చూడకుండానే దొరుకుతుంది,
బండి నడుస్తుండగానే, వేలి కొసకు,
ముసలి చేతుల్లో నరం దొరికినట్టు.

మెట్టుగూడ ఫిలోమినా టీచర్‌కు చూపు ఆనదు.
నేను వీధి మలుపు తిరిగేసరికే
స్వెటర్ చెయ్యి పైకి మడిచి కూర్చుంటుంది.
"నీ బండి దగ్గు నాకు తెలుసులే" అంది నిన్న.

సైలెన్సర్ మార్చాల్సిందే అంటున్నాడు మొయిజ్.
వచ్చే నెల చూద్దామన్నాను.