భోజనమ్మ

ఆమె పేరు బొజెనా.
జాలహళ్ళి క్వార్టర్సులో ఆ పేరు రెండు రోజులు బతికింది.
మూడోనాడు పాలాయన "భోజనమ్మా" అని కేకేస్తే
ఆమె పలికింది.
అంతే, రేషన్ కార్డు దాకా పోయింది పిలుపు.

మా తాత తిప్పేస్వామిది మడకశిర.
మరల పని నేర్చుకోను బ్ర్నో పోయినాడు.
ప్రతి మాటా అచ్చుతో ముగించే నోటికి
ఆ ఊరి పేరే మొదటి చలి.
కూడబలుక్కుని, వచ్చీరాని చెక్ భాషలో
"నన్ను చేసుకుంటావా" అని అడిగితే
ఆమె "నో" అంది.
తాత ఆ రాత్రి అన్నం ముట్టలేదు.
అన్నమెక్కడిది అక్కడ,
బంగాళాదుంపలు ముట్టలేదు.
తెల్లారినాక ఎవరో చెప్పినారు,
వాళ్ళలో "అనో" అంటే అవునని,
తొందరలో ముందరి అచ్చు మింగేస్తారని.
"ఆ మింగిన అచ్చు కోసం
నలభై ఏండ్లు కాపురం చేసినా" అనేవాడు.

యశవంతపుర సంతలో ఆమె
"కోప్ర్, కోప్ర్" అని అడిగేది.
ఎండుకొబ్బరి చేతిలో పెట్టేవాళ్ళు.
మూడు వారాలు మా ఇంట్లో కొబ్బరే.
నాలుగో వారం బస్సు దిగుతూనే వాసన పట్టింది.
సబ్బసిగె సొప్పు!
కట్ట ముఖానికి అదుముకుని
దారికి అడ్డంగా నిలబడిపోయింది.
సొప్పమ్మే గంగరత్నమ్మ బెదిరిపోయి
"ఏడవద్దమ్మా, ఐదు పైసలు తగ్గిస్తాలే" అంది.

పెద్ద కూతుర్ని ఆమె హన అని పిలిచేది,
మడకశిర అవ్వ హనుమక్క అనేది.
మా అమ్మ రెంటికీ పలికేది,
రెండు పక్కలా తిట్లు తినేది.

డిసెంబరు ఇరవైనాలుగు.
వాళ్ళ ఊళ్ళో పండక్కి ముందు చేపను
స్నానాల తొట్టిలో ఈదిస్తారంట.
మాకు తొట్టెక్కడిది? నీళ్ళే దినం మార్చి దినం.
నీలం డ్రమ్ములో వదిలింది బొచ్చెను.
మేం దానికి ఫోర్‌మన్ పేరు పెట్టినాం, చెంగలరాయప్ప అని.
పేరు పెట్టినాక ఎవరికి చెయ్యాడుతుంది?
బక్కెట్లో పెట్టుకుని ఆటోలో చెరువుకు తీసకపోతిమి.
ఆటో ఆయన చేపకూ చార్జీ అడిగినాడు.
అమ్మమ్మ లెక్కపెట్టి ఇస్తూ,
"మీ తాత నన్నెప్పుడూ ఇంత మర్యాదగా ఆటో ఎక్కించలేదు" అంది.
డ్రమ్ము అడుగున రాలిన ఒక్క పొలుసు
నా పర్సులో ఇప్పటికీ ఉంది.
డబ్బు నిలుస్తుందంట.
పొలుసైతే నిలిచింది.

మొన్న డిసెంబర్లో అందరం నాగసంద్రలో మా ఇంట్లో చేరినాం.
చిన్నమామ పులిసిన క్యాబేజీ జాడీ తెచ్చినాడు,
వాసనకు లిఫ్టులో వాళ్ళు దిగిపోయినారంట.
సోయికూర పులుసు నేను పెట్టినా.
అమ్మ మైదా కుడుము చేసింది,
మోచెయ్యంత పొడవు, ఆవిరికి ఉబ్బి,
గుడ్డలో చుట్టిన పసిబిడ్డ మాదిరి.
దానికి కత్తి తగలగూడదు, అలుగుతుంది.
దారంతోనే కొయ్యాల.
ఇల్లంతా వెతికినా దారం లేదు.
ఛార్జర్ వైర్లున్నాయి, దారం లేదు.

అమ్మ గోడ దగ్గరికి పోయింది.
ఫొటోకు పొద్దున వేసిన మల్లెదండ తెంచి
పూలు కొంగులోకి దూసేసింది.
తడి దారం కుడుము కిందికి పోనిచ్చి
పైన రెండు కొసలూ కలిపి లాగితే
తెల్లటి బిళ్ళలు ఒకటొకటే ఒరిగినాయి.

నా కూతురి ప్లేటులో, పులుసు మధ్య
ఒక మొగ్గ తేలింది.
"ఇది తినొచ్చా అవ్వా?"

"నో" అంది మా అమ్మ.

ఏ భాషలో అన్నదో
ఎవరమూ అడగలేదు.
పిల్ల తినేసింది.