నీలం పీపా

హడర్స్‌ఫీల్డ్‌లో శనివారం వాన పడదు,
వచ్చి కూర్చుంటుంది.
చర్చి వెనక హాల్లో
మూతలు తీసిన నీలం పీపాలు పదకొండు.
వాటి మధ్య వెర్లిన్ గారు,
మెడలో కళ్ళద్దాలు, చేతిలో మార్కరు పెన్ను.
నలభయ్యేళ్ళు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసిన గొంతు
ఇప్పటికీ గుసగుసగానే గద్దిస్తుంది.

"కోట్లు వద్దు."
ఎవరో దయగల దంపతులు కారు డిక్కీ నిండా తెచ్చారు,
ఉన్నికోట్లు, ఒక బొచ్చుటోపీ.
"అక్కడ పెనం మీద ఎండ, నాయనా.
కప్పు లేని ఇంట్లో కోటేం చేసుకుంటారు?"
వాళ్ళ మొహాలు చిన్నబోయాయని
తనే టీ పోసిచ్చి
పురికొస కత్తిరించే పని అప్పజెప్పింది.

నాది మేకుల బతుకు.
లీడ్స్ రోడ్డు మీద ఇనుపసామాన్ల కొట్లో కౌంటరు.
నన్ను చూడగానే అడిగింది:
"గాలికి రేకు ఎలా లేస్తుందో తెలుసా నీకు?"

తెలుసు.
ముందు ఒక మూల కదుల్తుంది,
వేళకాని వేళ తలుపు తట్టే చుట్టంలా.
మేకు చుట్టూ చిల్లు పెద్దదవుతుంది.
ఆ తర్వాత ఇంట్లో ఆకాశమే.

ఉద్దానంలో, నాకు తొమ్మిదేళ్ళు.
తెల్లారేసరికి కొబ్బరిచెట్లన్నీ
ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకున్నాయి.
మూడోనాడు లారీ వచ్చింది.
పైనుంచి విసిరేరు:
గుండీల్లేని పెళ్ళికోటు,
అన్నీ ఎడమకాలి చెప్పులే ఉన్న మూట,
ఎవరో పాసైపోయిన డిగ్రీ పుస్తకాలు.
మా దాలయ్య మావ ఆ కోటు తొడుక్కునే
నెల్లాళ్ళు పడిన చెట్లు కొట్టేడు, మొండికత్తితో.
ఏటి కావాలి అని ఒక్కడూ అడగలేదు.
అడిగుంటే
ఒక రంపం.
అంతే, ఒక్క రంపం.

ఇదంతా ఆవిడకి చెప్పలేదు.
రబ్బరు వాషరున్న మరమేకులు చూపించాను.
"మామూలు మేకు గాలి మాట వింటుందమ్మా.
ఇది వినదు."
పెట్టె అరచేతిలో తూచి చూసుకుంది,
పసిబిడ్డ బరువు చూసినట్టు.

సాయంత్రం కారియకూ నుంచి ఆమె తమ్ముడు ఎల్డన్ ఫోను.
కొండెక్కితేనే సిగ్నలు.
ఆయాసపడుతూ జాబితా చదివాడు:
టార్పాలిన్లు, పలచటివి పంపకండి.
వలలకి నైలాను దారం. ఇన్సులిన్ సూదులు.
బడికి బల్లలు మాత్రం వద్దు, డబ్బు పంపండి,
ఇక్కడి వడ్రంగే చేస్తాడు, వాడూ బతకాలి కదా.
ఆఖర్న గొంతు తగ్గించి, కొంచెం సిగ్గుగా:
డామినోల పెట్టె ఒకటి.
పాతదైనా పర్లేదు, చుక్కలు కనబడితే చాలు.

ఎవరో నవ్వారు.
కమిటీ కుర్రాడు "అత్యవసరం కాదు" అని కొట్టెయ్యబోయాడు.
వెర్లిన్ గారు కాగితం లాక్కుంది.
"కరెంటు లేని ఊళ్ళో, పొద్దుగూకాక, మగాళ్ళు ఏం చేస్తారనుకున్నావ్?
గాలి గురించి మాట్లాడుకుంటారు.
ఆ ఒక్క రాత్రినే, ప్రతి రాత్రీ.
బల్ల మీద ఏదో ఒకటి టపామని కొట్టాలి వాళ్ళు."

తుపాను షెల్టరు గచ్చు మీద
దాలయ్య మావ బొగ్గుతో పులిజూదం గీసేడు.
మేకలకి పదిహేను చింతపిక్కలు.
పులులకి మా కప్పులోంచి ఊడొచ్చిన
మూడు వంకర మేకులు.
ఆ రాత్రి మొదటిసారి
మా ఇంటిమేకు నా చేతిలో ఓడిపోయింది.
నేను నవ్వేననుకుంటాను.

మూత బిగించి, మా ఇద్దరం పీపాని పక్కకి వంచాం.
లోపల ఏదీ కదలకూడదు,
ఓడలో ఆరువారాల ప్రయాణం.
చెవి ఆనించింది.
మరమేకులు కదల్లేదు, సూదులు కదల్లేదు,
ఎక్కడో మధ్యలో, తువ్వాళ్ళ మడతలో
టక్, టక్.

మళ్ళీ విప్పి సర్దమంటారా, అన్నాను.

ఉండనీ, అంది.