కలుపు లెక్క

వట్టిచెరుకూరు దాటాక, కాలువ కట్ట దిగువన
ఎకరం నల్లరేగడి కౌలుకి తీసుకుని
అరవై నాలుగు మళ్లు గీశాను.
ఒక మడిలో ఒకటే మొక్క. ఇంకోదాంట్లో రెండు.
నాలుగు. ఎనిమిది. పదహారు.
ఎక్కడ ఏది మొలవాలో
చీటీలు వేసి తీశాను.

కౌలు కాగితం మడుస్తూ రైతు నవ్వాడు:
"మిరప పండే చేలో పల్లేరు పెంచుతావా తల్లీ,
ఎదురు డబ్బులిచ్చి?"

కలుపు తీయడానికి సువార్తమ్మ వచ్చింది.
పదేళ్ల వయసునుంచీ మిరప సాళ్లలో వంగిన నడుము.
కొడవలి నేలకి ఆనించి మొదటిరోజే అడిగింది:
"ఏది కలుపో చెప్పమ్మా."

చెప్పాను.
పదకొండో మడిలో గరిక పంట, తుంగ కలుపు.
పన్నెండులో తుంగ పంట, గరిక కలుపు.
పదమూడులో రెండూ ఉండొచ్చు,
తుమ్మి మాత్రం రాకూడదు.
ఆమె నన్ను చూసి, మళ్లని చూసి,
"గట్టు దాటితే కులం మారుద్దన్నమాట"
అని పనిలోకి దిగింది.

ఆ మాట నా నోటుబుక్కులో
ఏ గడిలోనూ పట్టలేదు.

పీకిందల్లా కాగితపు సంచిలోకి,
సంచి మీద మడి నంబరు, తేదీ.
గుంటూరు తీసుకెళ్లి ఎండబెట్టి తూచేదాన్ని,
గ్రాములో వందోవంతు దాకా.
నా గదంతా ఎండుగడ్డి వాసన. చీరలకి కూడా.

మూడో ఏడు శ్రావణమంతా చినుకు లేదు.
రేగడి నోరు తెరిచింది.
పగుల్లో పడిన పెన్ను ఇప్పటికీ దొరకలేదు.
ఒంటి మళ్లు ఒక్కొక్కటే
గోనెసంచి రంగుకి తిరిగాయి.
పదహారు రకాలున్న చోట మాత్రం
వెంపలి వేరు లోతుకి దిగింది,
గలిజేరు నేలని కరుచుకుంది,
ఉత్తరేణి తన పల్చటి నీడే పరిచింది.
చెయ్యి దూర్చితే మట్టి ఇంకా చల్లగా ఉంది.

అన్నిచోట్లా కాదు.
నలభై ఒకటో మడిలో పదహారూ ఉన్నాయి,
పదహారూ చచ్చాయి. ఎందుకో తెలీదు.
ఒంటిగా వేసిన వెంపలి మడి
పచ్చగా నిలబడి నన్ను వెక్కిరించింది.
అవీ రాశాను. రాయకపోతే
అది లెక్క కాదు, పొగడ్త.

తేలని లెక్క ఇంకొకటుంది.
తొమ్మిది మళ్లలో, బుధవారాలు మాత్రమే,
పీకిన కలుపు తూకం తగ్గుతోంది.
తక్కెడ మార్చాను. ఎలుకల్ని అనుమానించాను.
ఒక బుధవారం పొద్దువాలాక
గట్టు మీద వెళ్తున్న సువార్తమ్మ ఒడి
బరువుగా ఊగింది.

దాచలేదు. విప్పి చూపించింది.
గలిజేరు, పావిలి, చెంచలి,
కాలువ వైపు మళ్ల పొన్నగంటి కొసలు.
"ఇవాళ మా ఇంట్లో కూటం. పదిమందొస్తారు.
కూరలు కొనేట్టున్నాయా ఈ ఏడు?"
ఏదో ఒకటే వండుకోవచ్చుగా అన్నాను.
"ఒకటే వేస్తే జిగట, కాదంటే చేదు.
నాలుగూ పడితే పప్పే సర్దుకుద్ది."

మర్నాడు స్టీలు గిన్నెలో నాకూ తెచ్చింది.
గట్టు మీద కూర్చుని
ఎన్ని జాతులున్నాయో నాలుకతో లెక్కపెట్టబోయి
ఐదు దగ్గర తప్పిపోయాను.

వ్యాసం చదివిన పెద్దమనిషి ఎవరో, ఏ ఊరివాడో,
అడిగాడు: తొమ్మిది మళ్లలో ఈ లోటు ఏమిటి?
"పొయ్యి" అని రాసి, కొట్టేసి,
"మానవ వినియోగం" అని రాశాను.
కొట్టేసిన మాటే బాగుంది.

సువార్తమ్మ ఈ వారం రాలేదు.
మిరప కోతలు మొదలయ్యాయి,
అక్కడ కూలి ఎక్కువ. నేనివ్వలేనంత.
పదమూడో మడిలో తుమ్మి పూసింది,
అన్నం మెతుకులంత తెల్లగా.
పీకాలి.
వంగి, మొదలు పట్టుకుని,
కలుపేనా అని
మళ్లీ పటం విప్పి చూసుకున్నాను.