ఆరో నంబర్ ఆవిడ

అద్దానికి ఇవతల నేను.
అవతల ఆవిడ, ఒళ్ళో అకార్డియన్,
పసిబిడ్డని డాక్టరుకి చూపించడానికి తెచ్చినట్టు పట్టుకుని.
ఆవిడ మాటలు నాకు వినిపిస్తాయి. నేను ఆవిడకి కనపడను.
సాయం చెయ్యకూడదు. అది మా పద్ధతి.
తడబడిన ప్రతిసారీ ఒక గీత గీసుకోవాలి, అంతే.

రోస్విథా కుంత్సె, అరవై మూడేళ్ళు.
లైప్‌జిగ్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ట్రామ్ నడిపింది.
కాగితం మీద పేరుండదు: ఆరో నంబర్.
ఇచ్చిన పని చిన్నది.
మీకు నచ్చిన పాట ఒక్క నిమిషం రికార్డు చెయ్యండి.

తెర తెరుచుకుంది.
నూట నలభై బొత్తాలు. మేమే లెక్కపెట్టాం, గర్వంగా.
ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసి, కిందకి దించి,
కొత్త ఊళ్ళో అర్ధరాత్రి దిగిన మనిషిలా
ఒక్కో బోర్డూ చదువుకుంటూ పోయింది.
గెయిన్. సెండ్. బస్.
"ఈ బస్సు ఎక్కడికెళుతుంది?" అని అడిగింది.
నవ్వొచ్చింది నాకు. గీత గీశాను.

టిక్కు టిక్కుమని ఏదో మొదలైంది.
ఎక్కడ నొక్కితే మొదలైందో ఆవిడకీ తెలీదు.
ఆపబోతే ఇంకాస్త వేగమందుకుంది.
"క్షమించండి" అంది, గదిలో ఎవరూ లేకపోయినా.

వాయించింది. ఏమీ పడలేదు.
మళ్ళీ వాయించింది. పచ్చటి సూది ఊగింది,
అంటే వింటోంది, అంటే పట్టుకుంటోంది అనుకుంది పాపం.
వినడం వేరు, పట్టుకోవడం వేరు అని
ఆవిడకి చెప్పినవాళ్ళెవరు?
ట్రాకు పక్కన ఒక చుక్క ఉంది. ముందు దాన్ని నొక్కాలి.
ఆవగింజంత చుక్క. బూడిదరంగు.

ఆ చుక్క గీసింది నేనే.
మొదట ఎర్రగా గీశాను.
ఎరుపు కంట్లో నలుసులా ఉంది, మిగతా రంగులతో కలవట్లేదు అన్నారు.
అన్నారని చెప్పడం దేనికి, నేనే అన్నాను.
బూడిదరంగు వేశాక రెండడుగులు వెనక్కి జరిగి
చాలాసేపు చూసుకున్నాను,
కొత్త ముక్కుపుడక అద్దంలో చూసుకున్నట్టు.

ఇరవయ్యో నిమిషంలో ఆవిడ చేతులు రెండూ దించేసింది.
"ట్రాములో ఒకటే పిడి" అంది, ఎవరితోనో.
"ముందుకి తోస్తే వెళుతుంది. వెనక్కి లాగితే ఆగుతుంది.
నడిపే మనిషి కళ్ళు తిరిగి పడిపోయినా సరే
చెయ్యి జారగానే అదే ఆగుతుంది.
అది చేసినవాడెవడో గానీ
మనిషి పడిపోతాడని ముందే అనుకున్నాడు."
కాసేపాగి,
"తప్పు నాదేలెండి. ఈ వయసులో."

పన్నెండో గీత.
దాన్ని ఎవరి పేరున రాయాలో
ఆ కాగితంలో గడి లేదు.

లేచి వెళ్దామనిపించింది. తలుపు నాలుగడుగులే.
వెళ్ళలేదు. చల్లారిపోయిన కాఫీ
అదొక ఉద్యోగంలా తాగాను.

చివరి ఎనిమిది నిమిషాలూ ఆవిడ మౌసు ముట్టుకోలేదు.
తెరకి వీపు పెట్టి, కుర్చీ గోడవైపు తిప్పుకుని
వాయించింది.
ఏ పాటో నాకు తెలీదు.
మలుపు దగ్గర నెమ్మదించే పాట.
స్టాపు లేనిచోట కూడా ఒకసారి ఆగింది,
ఎవరో పరిగెత్తుకొస్తున్నారని చూసినట్టు.
తర్వాత కదిలింది.

మా సాఫ్ట్‌వేర్‌లో పడింది సున్నా సెకన్లు.
కానీ గది మూలన మా కెమెరా ఉంది కదా,
తప్పులు పట్టడానికి పెట్టింది.
దానికి చుక్కా లేదు, సూదీ లేదు. కరెంటు ఉంటే చాలు.
మొత్తం అందులో పడింది.

వెళ్ళేటప్పుడు నలభై యూరోల కవరు చేతిలో పెడితే
"పని పూర్తి కాలేదుగా, తీసుకోవచ్చా?" అంది.

ఫైలు పేరు ఆరు.
ముప్పై రోజులకి చెరిపెయ్యాలని ఒప్పందం.
ఆవిడ సంతకం ఉంది, కింద నాదీ ఉంది.
సోమవారం మీటింగులో చుక్కని ఎర్రగా మార్చి చూపించాను.
వచ్చే విడుదలలో చూద్దామన్నారు.
ఆవిడ ఫోన్ నంబరు నా దగ్గరుంది. చేసి ఏమనాలి?
మీ పాట దొరికిందండీ, అనా?
ఎలా దొరికిందని అడిగితే?

ఇవాళ ఇరవై తొమ్మిదో రోజు.