చివరి నలభై పేజీలు

ముందు గుండుసూదులు తీయాలి.
నూరేళ్ళ తుప్పు
కాగితానికి పుట్టుమచ్చలు పెట్టింది.
మిన్నెసోటాలో మార్చి అంటే ఇంకా చలికాలమే.
లైబ్రరీ నేలమాళిగలో హీటరు గురకపెడుతోంది.
నా బల్లమీద ఆగ్నెస్ థోర్సెల్,
1915లో పట్టా పుచ్చుకోవాల్సిన పిల్ల,
నల్లకాగితాల లావుపాటి పుస్తకమై కూర్చుంది.

మొదటి పేజీలో కాలిన అగ్గిపుల్ల.
కింద తెల్లసిరాతో:
"లాటిన్ పరీక్షకు ముందు రాత్రి. దీపాలు ఆర్పమన్నాక."
పక్కనే ఒక చెక్కపేడు:
"ఈ కుర్చీ విరిగినప్పుడు డీన్ గారు అందులోనే ఉన్నారు."
చక్కెరబిళ్ళ అంటించిన చోట మరక మాత్రం మిగిలింది,
ఆ వాక్యాన్ని చీమలెప్పుడో చదివేసి వెళ్ళాయి.

డాన్సు కార్డుకి
చిటికెనవేలి గోరంత పెన్సిలు ఇంకా దారంతో వేలాడుతోంది.
పన్నెండు వరసలు, పదకొండు పేర్లు.
ఏడో వరసలో పేరు లేదు:
"మెట్లమీద కూర్చున్నాం. ఇంగాకి చెప్పులు కరిచాయి."
ఆ ఇంగా ఎవరో!
సగం రైలు టిక్కెట్టు కింద కూడా ఆవిడే:
"రెండో సగం ఇంగా దగ్గర."
ఆ ఏడాది పెట్టెలన్నీ వెతికాను,
మధ్యాహ్నం తిండి మానేసి మరీ.
దొరకలేదు.

మూడో ఏడు, ఫిబ్రవరి. టెలిగ్రాం.
నాలుగే మాటలు: నాన్నకి బాగాలేదు. బయల్దేరు.
దానికింద ఆగ్నెస్ ఏమీ రాయలేదు.

పేజీ తిప్పితే గుడ్లు.
ఆరు డజన్లు, డజను పద్దెనిమిది సెంట్లు.
కిరసనాయిలు. బండి ఇరుసుకి గ్రీజు.
నాన్న మందు, బాకీ.
తెల్లసిరా అయిపోయినట్టుంది, సుద్దముక్కతో రాసింది,
వేలు తగిలితే రాలిపోతోంది ఆ సంవత్సరం.

నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరో
అట్ట లోపల పెన్సిలుతో రాసిపెట్టారు:
"చివరి నలభై పేజీలు సంబంధం లేని లెక్కలు."

కాకిలెక్కలు కావు బాబూ, కోడిలెక్కలు.
పైసా తేడా రాదు, నేను కూడి చూశాను.

ముప్ఫయ్యొకటో పేజీలో కూడిక మధ్యలో ఆగిపోయింది.
అక్కడ ఒక ఈక,
గోధుమరంగు, చివర కాస్త తెలుపు,
పిండి ఉడకబెట్టి అంటించినట్టుంది.
కింద అదే పాత చేతిరాత, అదే పాత పొగరు:
"డీన్ గారు.
నిన్న రాత్రి నక్కతో వెళ్ళిపోయారు."

నేలమాళిగలో ఒక్కదాన్నే నవ్వాను.
పైన ఎవరో నేలమీద బూటుతో తట్టారు.

పెన్సిలు రాత చెరిపేశాను.
అక్షరాలు పోయాయిగానీ నొక్కు పోలేదు,
దీపం పక్కనుంచి పడితే ఇప్పటికీ చదవొచ్చు.

సాసర్లో ఇరవైమూడు సూదులు.
పారేయమంటుంది నియమం.
కవర్లో పోసి, నాలికతో తడిపి మూశాను.
పైన ఏం రాయాలో తోచక
చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని
చివరికి తారీఖు వేశాను.