ఎండు బరువు

శనివారం సంతలో జుల్మీరా
తొమ్మిది మొక్కల్ని పాత పేపర్లో చుట్టి ఇచ్చింది,
చేపలు చుట్టినట్టే.
మట్టి లేదు, కుండీ లేదు,
వేళ్ళు బట్టబయలు.
"మట్టితో అమ్మితే దాని బరువుకీ డబ్బులివ్వాలి నువ్వు" అని నవ్వి,
నవ్వు సగంలో ఆపి చెప్పింది:
"పొడి ఇసుకలో పెట్టు. పదిరోజులు చుక్క నీళ్ళు పోయకు.
అవి అడుగుతాయి. అయినా పోయకు."

నాకా చెబుతున్నావు, జుల్మీరా?

రోజుకి అర లీటరు నా వాటా.
పొద్దున మాత్రలకి మూడు గుటకలు.
మధ్యాహ్నం తాగే సూపు కూడా లెక్కలోకే.
రాత్రికి ఒక్క ఐసు ముక్క.
దాన్ని నమలను, చప్పరించను,
నాలుక మీద పెట్టుకుని
కరిగేదాకా బయటికి చూస్తూ కూర్చుంటాను.
సెతూబల్లో ఏ కిటికీ తీసినా నీళ్ళే.

సోమ, బుధ, శుక్రవారాలు
ఆసుపత్రిలో మిషను నా నెత్తుటిని పట్టుకెళ్ళి
ఉతికి తెచ్చి ఇస్తుంది.
అంతకుముందు నర్సు ఒందీనా తూకమెక్కిస్తుంది.
"నీ ఎండు బరువు అరవై ఒకటి, అదేరితో.
ఆ పైదంతా దొంగ నీళ్ళు."

వంటింటి బల్ల మీద పేపరు విప్పాను.
దువ్వెనలో చిక్కుకున్న జుట్టులా వేళ్ళు.
కొన్ని తెగి ఉన్నాయి.
తెగినచోట తడి తగిలితే అక్కణ్ణుంచే కుళ్ళుతుందట.
ముందు పుండు ఆరాలి, పక్కు కట్టాలి.
ఎండినవి కత్తిరించి
రెండురోజులు నీడలో ఆ పేపరు మీదే ఉంచాను.
నా ఎడమచేతి కుట్టు గట్టిపడటానికి ఆరు వారాలు ఆగమన్నారు.
ఇప్పుడక్కడ చర్మం కింద తేనెటీగ ఒకటి
రాత్రీపగలూ మోగుతుంటుంది.

కుండీలు కొనలేదు.
సార్డీన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు మూతలు బిగించాను.
ఫ్యాక్టరీయే మూతపడ్డ రోజున తెచ్చుకున్న
పెద్ద సైజు ఖాళీ డబ్బాలు అటక మీద అలాగే ఉన్నాయి.
ఒక్కోదాని అడుగున మేకు పెట్టి మూడు దెబ్బలు.
పొరపాటున చిల్లి కనిపిస్తే జీతం కోసేవాడు మా మేస్త్రీ.
ముతక ఇసుక, ఇటుక పెచ్చులు, కాస్తే కాస్త మట్టి.
మొక్కని గాల్లో పట్టుకుని చుట్టూ పోశాను,
మెడ దాకా రానివ్వకుండా.

నాలుగో రోజుకి ఆకులు ముడతలు పడ్డాయి.
అన్నిటికన్నా చిన్నది, అంచులు ఊదారంగుది,
నా పెదవుల్లా తయారైంది.
రాత్రి రెండింటికి లేచాను.
లైటు వెయ్యలేదు.
ఒక్క చెంచా.
మర్నాడు ఇంకో చెంచా.
జూన్‌లో ఇలాగే, తలుపు వెనక నిలబడి
సగం పుచ్చకాయ తిన్నాను.
ఆ రాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరి
పడుకుని పీల్చలేక, కూర్చుని పీల్చలేక,
మెట్ల మీద అంబులెన్సు వాళ్ళ బూట్ల చప్పుడు.
తెలియక కాదు. తెలిసే పోశాను.

వారం తిరిగేసరికి కాండం నల్లబడింది.
వేలితో తాకితే ఊడి చేతికొచ్చింది.
వాసన చూశాను.
జుల్మీరాకి చెప్పలేదు.

పదకొండో రోజు పొద్దున్నే
మిగిలిన ఎనిమిదింటినీ కాటాలో పెట్టి
ఒక్కోదాని ఎండు బరువు
డబ్బా మీదే రాశాను.
తర్వాత కూజా తెచ్చాను. చెంచా కాదు.
ఇసుక మొదట ఒప్పుకోలేదు.
నీళ్ళు పైనే నిలబడి మెరిశాయి,
అంతలో గుటుక్కుమని లోపలికి.
కుర్చీ లాక్కుని చెవి ఆనించాను.
మింగేదేమీ లేకుండానే
నా గొంతు కదిలింది.

కాసేపటికి అడుగు బెజ్జంలోంచి
ఒక చుక్క. ఇంకోటి. సన్నటి ధార.
అక్కర్లేనిదంతా వదిలేస్తున్నాయి,
ఎవరినీ అడక్కుండా.
సింకు అంచు పట్టుకుని
ఆ పోయే నీళ్ళని ఎంతసేపు చూశానో.
మూడు దెబ్బలు, ఒక మేకు.
ఇంత చిన్న ఏర్పాటా!

శుక్రవారం ఒందీనా అడిగింది, నిన్న ఎంత తాగావని.
"నేను నాలుగొందల ఎనభై. వాళ్ళు రెండు లీటర్లు" అన్నాను.
ఎవరు వాళ్ళు అన్నట్టు చూసి,
చెప్పులు విప్పి ఎక్కమంది.