కత్తెర మేకుకి వేలాడిన వేసవి

ప్రతి మే నెలా జుల్మీరా చేతిలో కత్తెర ఉండాల్సిందే.
కొత్తిమీర మడిలో ఏ కాడ నిక్కినా
తెల్లారేసరికి దాని తల ఎగిరిపోయేది.
అలెంతేజు ఎండ సంగతి ఆమెకు తెలుసు.
ఆకు సన్నబడి సోంపాకులా చీలిందంటే
ఇక రెండు రోజులే.
సున్నం కొట్టిన గోడ వెంట నీడ ఎంత జరిగితే
తొట్లను అంత జరిపేది.
మడికి పాత దుప్పటి పందిరేసేది,
బావినీళ్ళు చల్లి బతిమాలేది.

ఈ ఏడు మెట్టు జారింది.
కుడి మణికట్టుకి పిండికట్టు, రెండు నెలలు.
కత్తెర మేకుకి వేలాడుతోంది.

మొదటి వారం మోకాలెత్తు,
రెండో వారం నడుమెత్తు,
ఆ తర్వాత మడంతా తెల్లగా, పొంగిన పాల నురగ.
ఎన్నడూ గడప తొక్కని తేనెటీగలు
పిలిచినట్టే వచ్చాయి.

గోడ మీంచి బెల్మీరో తొంగి చూశాడు.
"ముదిరిపోయింది. పీకి కోళ్ళకెయ్యి."
"నువ్వూ ముదిరావుగా బెల్మీరో,
నిన్నెవరు పీకారు?"

మధ్యాహ్నం రొట్టె పులుసు కాయాలి.
నిన్నటి రొట్టె ఉంది, వెల్లుల్లి ఉంది,
ఆలివ్ నూనె, గుడ్లు, పొయ్యి మీద ఎసరు.
ఆకేదీ?
కాడకి నాలుగు పోగులు, అవీ చేదెక్కి.
పచ్చి గింజలు దూసింది ఎడమ చేత్తో.
రోట్లో వేసి దంచింది, ఎడమ చేత్తోనే,
సగం రోట్లో, సగం నేల మీద.

ఆకు వెళ్ళిపోయింది, ధనియం ఇంకా రాలేదు,
ఆ మధ్యలో
ఎవరో నిమ్మతొక్క గిల్లినట్టు.

యాభై ఏళ్ళుగా తాను తుంచి పారేసింది దీన్నా?

మొగుడు ఏమీ అనలేదు.
రొట్టె ముక్కతో గిన్నె అడుగు మాత్రం తుడిచాడు,
రెండుసార్లు.

జూన్ చివరికి మడి ఎండి గలగలలాడింది.
కట్టు కింద ఒకటే దురద.
ఎండు కాడ విరిచి లోపలికి దూర్చి
కళ్ళు మూసుకుని గోక్కునేది.
స్వర్గం ఉంటే ఇంతే ఉంటుంది అనుకునేది.

ఎవొరా ఆసుపత్రిలో డాక్టర్ కట్టు కోశాడు.
పాలిపోయిన చేతి మీంచి ఏదో దొర్లి
టక్కున నేల మీద పడింది.
"పూస తెగిందా అమ్మా?" అంటూ నర్సు వంగింది.
"ఉండు, నేను తీస్తాను" అంది జుల్మీరా.

వేళ్ళు ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు.
ఒకసారి జారింది, మళ్ళీ జారింది.
మూడోసారికి దొరికింది.